వెర్నా పేరు మీద పడిన పంతొమ్మిది

కాగితాలు చూస్తే వెర్నా టోలెఫ్సన్ అంతటి వేటగత్తె ఆ చుట్టుపక్కల నాలుగు లోయల్లో ఇంకొకతె లేదు. అరవై మూడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లలో పంతొమ్మిది ఎల్క్ దుప్పులు ఆమె పేరు మీద పడ్డాయి. మోంటానా రాష్ట్రంలో పుట్టి పెరిగి, వేట మీదే బతుకు పెట్టుకున్న మగాళ్లలో కూడా అంత లెక్క చూపించగలిగినవాళ్లు తక్కువ. ఇక నిజం అంటారా, ఆ పంతొమ్మిదిట్లో ఆమె కాల్చింది ఒక్కటీ లేదు. తుపాకీ ఎత్తి దుప్పి వైపు గురి చూసిన పాపాన కూడా పోలేదు.

అదెలాగంటే, ఒక మనిషికి ఏడాదికి ఒక వేట చీటీ, ఒక చీటీకి ఒక జంతువు. ఎవరి పేరున చీటీ ఉందో వాళ్లే కాల్చాలి. కాల్చాక, జంతువును అంగుళం కదిలించే ముందే, చీటీ అంచున అచ్చేసిన నెల గడినీ తేదీ గడినీ కత్తితో కోసేసి, దాన్ని జంతువుకు కట్టాలి. ఇదీ చట్టం. టోలెఫ్సన్ల గుడారంలో చట్టం ఇంకోటి. సీజను ముందురోజు ఇంటిల్లిపాదీ చీటీలన్నీ ఒక కాఫీ డబ్బాలో పడేస్తారు. తుపాకీ పట్టేది అన్నదమ్ములిద్దరే, వెర్నా మొగుడు లీలండూ, వాడి తమ్ముడు ఆరినూ. తమ చీటీలు అయిపోగానే డబ్బాలో చెయ్యి పెట్టి పెళ్లాల చీటీలు తీస్తారు. తప్పన్న ఊహే వాళ్లకు లేదు. వాళ్ల నాన్న అలాగే చేశాడు, పక్క గుడారం వాళ్లూ అలాగే చేస్తారు, ఇంట్లో అందరూ తినే మాంసమే కదా అని.

వెర్నా పని కొయ్యడం. పేగులు తియ్యడం, తోలు ఒలవడం, తొడలు విడదియ్యడం, పొట్లాలు కట్టడం. అందులో ఆమెకు సాటి లేరు. కానీ ఏటా చలికాలంలో వేట శాఖ నుంచి లెక్కలు రాసుకునే పిల్ల ఫోన్ చేసేది. "కిందటి సీజన్లో ఎన్ని రోజులు వేటాడారండీ? ఏమైనా పడిందా?" అని ఎంతో మర్యాదగా అడిగేది. "నాలుగు రోజులమ్మా, ఒక ఆడ ఎల్క్ పడింది" అని వెర్నా అబద్ధం చెప్పేది. "అబ్బ, ఎంత బాగా వేటాడతారండీ మీరు!" అని ఆ పిల్ల మెచ్చుకునేది. ఫోన్ పెట్టేశాక వెర్నాకు గంటసేపు ఏ పనీ తోచేది కాదు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది. ముప్పై ఏళ్లు ఆ సిగ్గును మింగి ఊరుకుంది, వెర్రిబాగుల మనిషి.

ఆ ఏడు జూన్‌లో ఆమె పేరున మూస్ పర్మిట్ తగిలింది.

ఎల్క్ చీటీలు అంగట్లో దొరుకుతాయి. మూస్ అలా కాదు. గుర్రం కంటే ఎత్తుండే ఆ దుప్పి కోసం లాటరీ వేస్తారు. ఊళ్లో సగం మంది పుట్టిన దగ్గర్నుంచీ దరఖాస్తు పెట్టి, పర్మిట్ కళ్లచూడకుండానే పోతారు. వెర్నా పేరున లీలండ్ ఇరవై నాలుగేళ్ల నుంచి దరఖాస్తు పెడుతున్నాడు. కవరు వచ్చిన పది నిమిషాల్లో ఆరిన్‌కు కబురు వెళ్లింది. అరగంటలో ఆరిన్ బండి వాకిట్లో ఆగింది.

"వదినా, నీ నోట్లో చక్కెర పొయ్యాలి! ఏ గన్ తీద్దామన్నయ్యా, నీదా నాదా?" అంటూ లోపలికొచ్చాడు.

"నా మోకాళ్లు చూస్తున్నావుగా," అన్నాడు లీలండ్. "ఆ విల్లో వాగు బురదలోకి నేనెక్కడ దిగుతాను? నువ్వే కొట్టు."

వెర్నా పొయ్యి దగ్గర బంగాళాదుంపలు వేయిస్తోంది. గరిటె పక్కన పెట్టింది.

"నేను కాలుస్తాను," అంది.

అన్నదమ్ములు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముందు ఆరిన్ పగలబడి నవ్వాడు.

"ఏం వదినా, పొద్దున్నే ఏమైనా పుచ్చుకున్నావా? ఇది వంటింట్లో ఎలక అనుకున్నావా?"

"పర్మిట్ మీద ఎవరి పేరుంది?"

"పేరుదేముందే," అన్నాడు లీలండ్. "ఎప్పుడూ లేనిది ఇప్పుడు పేరెందుకొచ్చింది?"

"ఎప్పుడూ లేదనే వచ్చింది. ఇది డబ్బాలోకి వెళ్లదు. నా జేబులో ఉంటుంది. నేను కాలిస్తే కాలుస్తాను, లేకపోతే సీజను అయ్యాక పొయ్యిలో వేస్తాను. మీ ఇద్దరూ ఎన్ని చెప్పినా ఇంతే."

"ఒకసారి తగిలితే ఇంక ఏడేళ్లు దరఖాస్తే పెట్టనివ్వరు, తెలుసా నీకు? నీకిప్పుడు అరవై మూడు," అన్నాడు ఆరిన్.

"తెలుసు కాబట్టే చెబుతున్నా."

లీలండ్ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తన తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టి, "భుజానికి గట్టిగా ఆనించు, లేకపోతే ఎముక విరుగుతుంది," అని గొణిగి వెళ్లిపోయాడు. ఆ వేసవంతా వెర్నా ఊరి బయట కంకర గోతుల్లో కాల్చింది. మొదటి వారం భుజం కమిలి నల్లబడింది. గుండ్లు గురి కోసం పెట్టిన అట్టకు తగిలే మాట అటుంచి, ఆ అట్ట పెట్టిన గట్టుకు తగిలితే గొప్ప. పంటి బిగువున పట్టుకుని రోజూ వెళ్లింది. ఆగస్టు కల్లా నూట యాభై అడుగుల దూరంలో, సెప్టెంబరుకు నూట యాభై గజాల దూరంలో అన్నం పళ్లెమంత అట్టను వదలకుండా కొట్టసాగింది. అంతకు మించిన దూరం కాల్చకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

అక్టోబరులో గుడారం వేశారు. వంట లీలండ్‌ది. ఎలుగుబంట్లు తిరిగే చోటు గనక ఒంటరిగా వద్దని ఆరిన్‌ను తోడు పంపాడు. "తోడే," అని వెర్నా వేలు చూపించి మరీ చెప్పింది. "గన్ ఎలుగుబంటికి. మూస్ వైపు తిప్పావంటే ఊరుకోను."

"సరే తల్లీ, సరే. నీ పెళ్లికి నేను తోడి పెళ్లికొడుకుని," అన్నాడు ఆరిన్.

మూడో రోజు పొద్దున తెల్లారీ తెల్లారక ముందే విల్లో వాగు పక్కన పొదల్లో కూర్చున్నారు. సూర్యుడు గట్టు మీదికి వచ్చాక నీళ్లలోంచి ముందు ఆడ మూస్ లేచింది. దాని వెనకే మగది. చెట్టు కొమ్మల్లోంచి ఆ కొమ్ములు బయటపడ్డాయి. వెర్నా తుపాకీని గురి కోసం తెచ్చుకున్న కర్రల మీద ఆనించింది. దూరం నూట ముప్పై గజాలు. కానీ ఆడది సరిగ్గా మగదాని వెనకాల నిలబడింది. గుండు ఇటు నుంచి అటు దూసుకుపోతే రెండూ పడతాయి. వెర్నా ఆగింది. ఊపిరి వదిలింది, మళ్లీ పీల్చింది. ఆడది రెండు అడుగులు వేస్తే చాలు.

"కాల్చు వదినా, పోతుంది!" గుసగుసలాడాడు ఆరిన్.

"ఆగు."

"పోతుందంటే!"

"ఆగమన్నానా!"

ఆడది ఒక అడుగు వేసింది. చెవి పక్కనే తుపాకీ పేలింది. మగ మూస్ ముందు కాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగింది. వెర్నా తన తుపాకీ వైపు చూసుకుంది. తను మీట నొక్కలేదు.

ఆరిన్ అప్పటికే లేచి గెంతుతున్నాడు. "ఒక్క దెబ్బకి! చూశావా, ఒక్క దెబ్బకి! రా వదినా, చీటీ కొయ్యి!"

వెర్నా తుపాకీ దించింది. ఇరవై నాలుగేళ్లు ఎదురుచూసిన పర్మిట్. ఎండలో నాలుగు నెలలు కమిలిన భుజం. ఇంకొక్క అడుగు, అంతే.

"నా చీటీ నీ మూస్‌కి కట్టను," అంది.

"ఏంటీ?"

"నువ్వు చంపావు. నీకు పర్మిట్ ఉందా? ఉంటే కట్టుకో."

ఆరిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "తమాషాలు చెయ్యకు వదినా. పర్మిట్ లేకుండా మూస్ అంటే ఏంటో తెలుసా? లైసెన్సు పీకేస్తారు. గన్ పట్టుకుపోతారు. ఊళ్లో తలెత్తుకోలేను. రెండు గళ్లు కోస్తే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఆ కొండ మీదికెక్కితే ఫోన్ పలుకుతుంది. వేట శాఖ వార్డెన్‌కి నువ్వే చేసి చెప్పు, తనంతట తను చెప్పుకున్నాడని కాస్త దయ చూపిస్తారు. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా."

ఆరిన్ రాయి మీద కూలబడి బండబూతులు మొదలెట్టాడు. వెర్నా వినిపించుకోలేదు. మాంసం పాడైపోతే అది ఇంకో పాపం. చేతులు మోచేతుల దాకా మడిచి, కడుపు కోసి పేగులు తీసి, చల్లబడేలా పొట్ట తెరిచి కర్ర అడ్డం పెట్టింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆరిన్ రాయి మీంచి లేవలేదు. పనయ్యాక ఆమె వాగులో చేతులు కడుక్కుని, కొండెక్కి వార్డెన్‌కు ఫోన్ చేసింది.

వార్డెన్ కొవాచిచ్ మధ్యాహ్నానికి వచ్చాడు. చట్టం తప్ప చుట్టరికం ఎరగడని పేరున్న మనిషి. అప్పటికి కబురు తెలిసి లీలండ్ కూడా కర్ర పోటేసుకుంటూ, మోకాళ్లు తిట్టుకుంటూ వాగు దాకా దిగి వచ్చాడు. వస్తూనే పెళ్లాం చెవి దగ్గర, "వాడు నా తమ్ముడే, కోసెయ్యవే ఆ చీటీ," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

వార్డెన్ మూస్ చుట్టూ తిరిగి చూశాడు. గుండు దూసుకుపోయింది, దొరకలేదు. రెండు తుపాకులూ ఒకే రకం, అన్నదమ్ములు ఒకే రోజు కొన్నవి. తూటా తొడుగు ఏమైందో ఆరిన్‌కే తెలియాలి.

"ఎవరు కాల్చారు?" అన్నాడు.

"వదినే," అన్నాడు ఆరిన్ తడుముకోకుండా. "కాల్చాక ఆడది పక్కనే ఉందని చూసి భయపడిపోయింది పాపం. ఏదేదో మాట్లాడుతోంది. పర్మిట్ ఆవిడదే సార్, తప్పేముంది ఇందులో?"

వెర్నా గిరుక్కున ఆరిన్ వైపు తిరిగింది. తన ఇంట్లో ముప్పై ఏళ్లు అన్నం తిన్నవాడు!

వార్డెన్ బండి దగ్గరికి వెళ్లి, రేడియోలో ఆఫీసుతో మాట్లాడి తిరిగి వచ్చాడు.

"చూడండమ్మా, మీ పేరున పంతొమ్మిది ఎల్క్‌లు ఉన్నాయి. ఈ లోయలో మీకంటే చెయ్యి తిరిగినవాళ్లు నాకు కనిపించడం లేదు. పర్మిట్ మీది, గురి మీది. మరి ఈయన కాల్చాడంటే నేనెలా నమ్మాలి? కాస్త కంగారుపడ్డారేమో. ఆ చీటీ కోసి కట్టెయ్యండి, నేను నా దారిన పోతాను."

ఆరిన్ మొహం విప్పారింది. లీలండ్ నేల చూపులు చూస్తున్నాడు.

వెర్నాకు అప్పుడు తెలిసింది తను ఎక్కడ ఇరుక్కుందో. ఈ ఒక్కటీ తనది కాదని చెప్పాలంటే ఆ పంతొమ్మిదీ తనవి కావని చెప్పాలి. చెబితే ఆరిన్ ఒక్కడే కాదు, లీలండూ మునుగుతాడు. తనూ మునుగుతుంది. జేబులో ఉన్న ఈ పర్మిట్ కూడా లాగేసుకుంటారేమో. భయమే వేసింది, దాచుకోవడమెందుకు. అయినా నోరు ఆగలేదు.

"ఆ పంతొమ్మిదీ నేను కాల్చలేదండీ," అంది.

"ఏమన్నారు?"

"ఒక్కటీ కాల్చలేదు. నా పేరున చీటీ తీసుకుంటారు, వీళ్లు కాలుస్తారు, నేను సంతకం పెడతాను. ముప్పై ఏళ్లుగా ఇదే భాగోతం. నేను కోసేదాన్ని, అంతే. కావాలంటే ఏ ఎముక ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చెబుతా. కానీ బతికున్న దుప్పి వైపు తుపాకీ ఎత్తింది ఇవాళే. అదీ కాల్చనివ్వలేదు ఈయన."

"నోర్మూసుకో వదినా!" అని అరిచాడు ఆరిన్. "ఇంటి పరువు తీస్తున్నావు!"

"నా పరువు ముప్పై ఏళ్లుగా మీ కాఫీ డబ్బాలో పడుంది. అప్పుడు గుర్తు రాలేదా ఇంటి పరువు?"

వార్డెన్ టోపీ వెనక్కి తోసుకుని లీలండ్ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

లీలండ్ చాలాసేపు కర్రతో బురదను పొడుస్తూ నిలబడ్డాడు. తమ్ముడు కళ్లతో బతిమాలుతున్నాడు. పెళ్లాం అతని వైపు చూడనైనా చూడడం లేదు. చేతులు కట్టుకుని మూస్ వైపే చూస్తోంది.

"పదకొండు నావి," అన్నాడు చివరికి. "ఎనిమిది వీడివి. ఆవిడ కాల్చింది ఒక్కటీ లేదు. దీన్ని కూడా వీడే కాల్చి ఉంటాడు. ఆవిడ కాల్చి ఉంటే, ఈపాటికి చీటీ కట్టి, నన్ను పిలిచి, అరిచి గోల చేసి ఉండేది."

వెర్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం తగ్గలేదు. ఈ మాట ముప్పై ఏళ్ల కిందట అని ఉంటే ఎంత బాగుండేది!

వార్డెన్ రాసుకోవడానికి గంట పట్టింది. మాంసం స్వాధీనం చేసుకున్నాడు, పేదలకు పంచే చోటికి పంపుతానన్నాడు. ఆరిన్ తుపాకీ తీసుకున్నాడు. పాతవాటి మీద ఇప్పుడు కేసు పెట్టడానికి కాలం దాటిపోయిందనీ, కిందటేటిది మాత్రం కోర్టుకు వెళుతుందనీ చెప్పాడు. "చీటీ ఇచ్చినవాళ్లదీ తప్పేనమ్మా. మీ మీద కూడా రాస్తున్నాను."

"రాయండి. ఇచ్చింది నేనే. కోర్టు ఎప్పుడు?"

"డిసెంబరు రెండో వారం."

"ఈ పర్మిట్ సంగతి?" అంటూ జేబులోంచి తీసి ఇచ్చింది.

వార్డెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గళ్లు రెండూ చెక్కు చెదరలేదు. "జడ్జి తీర్పు చెప్పేదాకా మీ లైసెన్సు చెల్లుతుంది. నవంబరు ఆఖరు దాకా సీజనుంది. మీ ఇష్టం."

"అయితే ఇవ్వండి," అని ఆమె దాన్ని లాక్కున్నంత పని చేసింది.

ఆరిన్ ఆ సాయంత్రమే తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ అన్నతో, "నీ పెళ్లాం మనిద్దరినీ ఊళ్లో నవ్వులపాలు చేసింది," అన్నాడు. లీలండ్ పొయ్యిలో కట్టెలు ఎగదోశాడు. వెర్నా అయితే చెవిన కూడా వేసుకోలేదు. మర్నాటి తూటాలు లెక్క చూసుకుంటోంది.

ఆ తర్వాత ఇరవై రెండు రోజులు. ఒళ్లు తెలియని జ్వరంతో పడుకున్న రెండు రోజులు తప్ప ఆమె వాగు వదలలేదు. మంచు మోకాలి లోతు పడింది. లీలండ్ తెల్లవారక ముందే లేచి గుడ్లూ మాంసమూ వేయించి పెట్టి, బండిలో వాగు మలుపు దాకా తీసుకెళ్లి దింపి, అక్కడే బండిలో కూర్చునేవాడు. "ఇంక చాల్లేవే, చచ్చిపోతావు," అని ఒకసారి అన్నాడు. "చస్తే ఎవరి చీటీ కడతావో చూసుకో," అంది. మళ్లీ అనలేదు.

మూడుసార్లు మూస్ కనిపించాయి. ఒకటి దూడ. ఒకటి ఆడది, పర్మిట్ మగదానికే. మూడోది మగదే, కానీ రెండు వందల గజాలు దాటి నిలబడింది. తుపాకీ దింపేసుకుని చేతి తొడుగు కొరుక్కుంటూ ఏడ్చింది గానీ కాల్చలేదు.

నవంబరు పద్దెనిమిదిన, ఎండ తెల్లగా కాస్తున్న పూట, విల్లో పొదల్లోంచి ఒక మగ మూస్ ఒంటరిగా నడిచి వచ్చింది. పెద్ద కొమ్ములేం కాదు. ఆరిన్ చూస్తే వెక్కిరించేవాడు. నూట ఇరవై గజాల దగ్గర ఆగి, పక్కకు తిరిగి, కొమ్మ నమలసాగింది. వెనకాల ఏమీ లేదు, మంచు తప్ప. వెర్నా ఊపిరి సగం వదిలి, ఆపి, మీట నొక్కింది.

అది నాలుగు అడుగులు వేసి, నిలబడి, నెమ్మదిగా కూర్చుంది. తర్వాత తల వాల్చింది. వెర్నా తుపాకీ పక్కన పెట్టింది. ఇన్ని కోసిన మనిషికి చంపడమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. కాసేపయ్యాక దగ్గరికి వెళ్లి, దాని మీద చెయ్యి వేసే ముందు, కత్తి తీసి నవంబరు గడి కోసింది, పద్దెనిమిది గడి కోసింది. సంతకం పెట్టింది. వేళ్లు కొంకర్లు పోతున్నా ముడి గట్టిగా బిగించింది.

పేలుడు విని లీలండ్ మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు. కత్తి తనే తీసుకుని, "ఇవాళ నేను కోస్తాను. ఎక్కణ్నుంచి మొదలెట్టాలో చెప్పు," అన్నాడు.

డిసెంబరులో కోర్టు చిన్నగదిలో జరిగింది. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. టోలెఫ్సన్ల పరువు పోతుంటే చూడడానికి చలి లెక్కా? జడ్జి నెరిసిన జుట్టు ఆడమనిషి. ఆరిన్‌కు నాలుగేళ్లు లైసెన్సు రద్దు చేసింది. లీలండ్‌కూ వెర్నాకూ చెరి రెండేళ్లు. తర్వాత కళ్లజోడు సరిచేసుకుని, రికార్డుల్లో వెర్నా పేరు మీద తప్పుగా ఎక్కినవన్నీ కొట్టివెయ్యాలంటూ గుమాస్తా రాసిచ్చిన జాబితా చదవసాగింది. ఏ సంవత్సరంలో ఏ ఎల్క్ అన్నది ఒక్కొక్కటే చదువుతుంటే వెనక బల్లల్లో ముసిముసి నవ్వులు వినిపించాయి. లీలండ్ తల వంచుకుని కూర్చున్నాడు. వెర్నా మాత్రం నిటారుగా నిలబడి ప్రతిదానికీ "నేను కాల్చలేదు" అని చెబుతూ వచ్చింది. పంతొమ్మిది అయ్యాయి. గుమాస్తా అన్నిటినీ ఒకే గాటన కట్టాడు కాబోలు, జడ్జి ఆగలేదు.

"ఇరవై. ఈ సంవత్సరం నవంబరు పద్దెనిమిది, మగ మూస్ ఒకటి."

"ఆగండమ్మా," అంది వెర్నా. గొంతు గది చివర దాకా వినిపించింది. "మీరు వేసిన శిక్షకి ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. ఇంకో రెండేళ్లు కలిపినా సరే. ఆ ఆఖరుది మాత్రం అందులోంచి తీసెయ్యండి. దాన్ని నేను కాల్చాను."